నా నీళ్ళు పోయే చోటు

నేను ఒక ఏసీని. గోడమీద ఎత్తులో బిగించిన తెల్లటి పెట్టెని. చల్లగాలి ఇవ్వడం నా పని అని మీరు అనుకుంటారు. కాకినాడలో ఆ పనికన్నా పెద్ద పని ఇంకొకటి ఉంది. ఈ ఊరి గాలి తడిగుడ్డలా ఉంటుంది. దాన్ని లోపలికి లాగి, పిండి, పిండిన నీళ్ళను ఒక సన్నటి గొట్టంలోంచి బయటికి పంపాలి. మే, జూన్ నెలల్లో బక్కెట్లకు బక్కెట్లు పంపుతాను. చల్లదనం గురించి అందరూ మాట్లాడతారు కానీ, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయని అడిగినవాళ్ళు తక్కువ.

సంతోషం, దుఃఖం నాకు పెద్దగా అంటవు. ఇరవై ఆరు మీద పెడితే ఇరవై ఆరు మీద ఉంటాను. కాబట్టి ఈ కథ కాస్త పొడిగా చెప్తే ఏమీ అనుకోకండి.

నన్ను ఏదో ఫ్యాక్టరీలో నాలాంటి వందల పెట్టెలతో కలిపి తయారుచేశారు. థర్మోకోల్ మధ్య కూర్చోబెట్టి లారీ ఎక్కించారు. మొదట ఒక ఫోటో స్టూడియోలో దిగాను. పెళ్ళికూతుళ్ళ పౌడర్ చెమటకి కరిగిపోకుండా చూడటం అక్కడ నా ఉద్యోగం. జనం నా కింద కూర్చుని, నవ్వమంటే నవ్వి, లైటు వెలిగి ఆరగానే నవ్వు మానేసేవారు. తరవాత అందరి చేతుల్లోకీ కెమెరాలు వచ్చాయి. స్టూడియో కాస్తా మొబైల్ కవర్ల దుకాణం అయింది. నన్ను వెనక గదిలో దుప్పటి కప్పి పడుకోబెట్టారు.

అక్కడినుంచి నన్ను కొనుక్కెళ్ళినవాడు వెంకటరత్నం. రైసుమిల్లులో గుమస్తా. భార్య హైమావతి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ సీజన్లో పట్టు జాకెట్లు వస్తే ఆవిడకి భయం. అరచేతుల్లో చెమట ఎక్కువ. పట్టుమీద చెమట మరక పడితే ఇక పోదు. ఇద్దరికీ పిల్లల్లేరు. మొదటి అంతస్తులో ఒక హాలు, ఒక పడకగది ఉన్న ఫ్లాటు. ఆ పడకగదిలోనే ఒకవైపు మంచం, కిటికీ దగ్గర కుట్టుమిషను.

నన్ను బిగించేటప్పుడు వెంకటరత్నం స్టూలు పట్టుకుని నిలబడి, "గాలి మంచం మీదికి కాదండి, మిషను మీదికి తగలాలి. అటు తిప్పండి," అన్నాడు. బిగించేవాడు వింతగా చూశాడు. ఏసీ కొనుక్కుని ఉక్కలో పడుకునే మనిషిని అతను అంతకుముందు చూసి ఉండడు.

నా గొట్టాన్ని గోడకి కన్నం పెట్టి బాల్కనీలోకి తీసి, గ్రిల్లుమీంచి కిందకి వదిలేశారు. సరిగ్గా దానికింద, కింది వాటా మంగతాయారు పెరడు. ఆవిడ గుమ్మడి వడియాలు పెట్టి ఇళ్ళకి అమ్ముతుంది. పంచె పరిచి వడియాలు పెడితే, నేను పైనుంచి నీళ్ళు చల్లాను. నాకు తెలిసి చేసింది కాదు. వడియాలు ముద్దయిపోయాయి.

ఆవిడ పైకొచ్చి గుమ్మంలో నిలబడింది. హైమావతి నోట్లో గుండుసూదులు పెట్టుకుని పట్టుగుడ్డ కత్తిరిస్తోంది. సూదులు తీసి, "నీళ్ళే కదండీ. కాస్త అటు జరిపి పెట్టుకోండి," అంది.

"ఎండ తగిలేది అక్కడేనండి. అటు జరిపితే బూజు పట్టేత్తాయండి."

"అయితే నేను ఉక్కలో చావనా?"

"నేనెందుకంటానండీ ఆ మాట."

మాట మీద మాట పెరిగింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మంగతాయారు తన జాకెట్లు వేరేచోట కుట్టించుకోవడం మొదలుపెట్టింది. హైమావతి మెట్లు దిగేటప్పుడు ఆ పెరటివైపు చూడటం మానేసింది.

కొద్దిరోజులకి కింద నీళ్ళు పడటం ఆగిపోయింది. వడియాలు అక్కడే ఎండుతున్నాయి. కిందావిడ నోరు మూయించానని హైమావతి అనుకుంది. నిజం నాకు తెలుసు, వెంకటరత్నానికి తెలుసు, మంగతాయారుకి తెలుసు. అతను మిల్లునుంచి ఖాళీ నూనె డబ్బా ఒకటి తెచ్చి, బాల్కనీ మూల నా బయటి యంత్రం వెనకాల పెట్టాడు. నా గొట్టం చివర అందులోకి దించాడు. దోమలు గుడ్లు పెట్టకుండా, భార్య కత్తిరించి పారేసిన ఆకుపచ్చ జాకెట్టు గుడ్డముక్క మూతికి కట్టాడు. రోజూ పొద్దున్నే, ఆవిడ లేవకముందే ఆ డబ్బా పారబోసేవాడు. కొన్ని నీళ్ళు అక్కడే ఉన్న కరివేపాకు కుండీకి, మిగిలినవి బాత్రూములోకి. గొట్టం చివర వేలు పెట్టి పాచి తుడిచేవాడు. మళ్ళీ గుడ్డ కట్టి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు పాలకి వెళ్ళేవాడు.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే భార్య ఓడిపోయినట్టు అవుతుంది. ఆవిడ గెలిచాననుకుంటేనే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందని అతని లెక్క. ఆ గుట్టు దాచడానికి రోజూ డబ్బా మోయడం అతనికి బరువనిపించినట్టు లేదు.

హైమావతి కరివేపాకు కోసుకుంటూ జాకెట్లకి వచ్చినవాళ్ళతో, "బంగారంలాంటి చెట్టండి, చుక్క నీళ్ళు పొయ్యను, అదే పెరుగుతుంది," అని మురిసిపోయేది. అతను వెనకాల నిలబడి ఔనన్నట్టు తలూపేవాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, మిషను పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ చూపు కాస్త మందగించాక సూదిలో దారం ఎక్కించడం అతని పని అయింది. దారం కొస నాలికమీద తడిపి కన్నంలోకి గురిచూస్తూ, అలాగే ముందుకి ఒరిగిపోయాడు. హైమావతి వంటింట్లోంచి వచ్చి, నిద్రపోయాడనుకుని ఫ్యాను ఇంకాస్త పెంచింది. నేను ఇరవై ఆరు మీద ఉన్నాను. అందరూ వచ్చి ఏడ్చినప్పుడూ ఇరవై ఆరు మీదే ఉన్నాను.

హైమావతి ఏడవలేదు. అడిగితే మాట్లాడేది, పెడితే తినేది. తుని నుంచి వెంకటరత్నం అన్న గున్నేశ్వరరావు, ఆయన భార్య లక్ష్మీకాంతం వచ్చి కార్యక్రమాలన్నీ చూసుకున్నారు. ఆచారం ప్రకారం చనిపోయినవాడి పరుపు, దిండు, దుప్పటి బాల్కనీలో పడేశారు. పెద్దకర్మ అయ్యాక ఇచ్చెయ్యడానికి. అంతవరకూ ఎవరూ వాటిని ముట్టుకోరు. ముట్టుకోకూడదు కాబట్టి బాల్కనీలోకే ఎవరూ పోలేదు. పరుపు వెనక డబ్బా నిండుతోంది.

పంతులుగారు పంచాంగం చూసి నక్షత్రం బాగాలేదన్నారు. ఆరు నెలలు ఇల్లు మూసేస్తే మంచిది, అలా కుదరకపోతే శాంతి చేయించుకుని ఉండొచ్చు అని రెండు దారులూ చెప్పారు. గున్నేశ్వరరావు మంచి మనిషే. "హైమ మిషనూ బేరాలూ ఇక్కడే కదండీ. ఆరు నెలలు తలుపులు మూసుకుంటే మళ్ళీ ఎవరు వస్తారు? శాంతి చేయించేద్దాం," అన్నాడు. అంతా అక్కడితో సర్దుకునేదే. మధ్యలో నేను కారడం మొదలుపెట్టాను.

డబ్బా నిండిపోయింది. గొట్టం చివర ఆ నిలవనీళ్ళలో మునిగి పాచి పట్టింది. నా నీళ్ళు కొన్ని డబ్బా అంచు దాటి కింద పెరట్లోకి, మిగిలినవి వెనక్కి తన్ని గదిలోకి. పరుపు తీసేసిన మంచం చెక్కమీద, గోడవైపు, సరిగ్గా వెంకటరత్నం పడుకునే పక్కన చుక్కలు పడసాగాయి. హైమావతి నేలమీద చాప వేసుకుని పడుకునేది. లేచి ఒక గిన్నె తెచ్చి మంచంమీద పెట్టింది. నిండితే పారబోసి మళ్ళీ పెట్టింది. ఎందుకు కారుతోందని ఆలోచించలేదు. రిమోటు తీసి నన్ను ఆపెయ్యాలని కూడా తోచలేదు.

లక్ష్మీకాంతం మాత్రం ఆలోచించింది. "దీని కంట్లోంచి చుక్క రాలేదు. గోడలోంచి వస్తుంది చూడండి. అదీ రత్నం పక్కమీద," అంది భర్తతో.

"ఏసీ అన్నాక కారదేంటే."

"ఇన్నాళ్ళూ కారిందా?"

మెకానిక్‌ని పిలిపించారు. అతను నా మూత తీసి, జల్లెడలు కడిగి, లోపల గాలి కొట్టి శుభ్రం చేశాడు. "గొట్టం బయట ఎక్కడుందండి? ఓసారి బాల్కనీ తలుపు తియ్యండి," అన్నాడు.

"వద్దు బాబూ, అక్కడ పోయినాయన పక్క ఉంది," అంది లక్ష్మీకాంతం.

అతను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అతనికీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. ఒక పూట కారకుండా ఆగాను. సాయంత్రానికి మళ్ళీ గిన్నెలో టప్పుమంది. ఆ చప్పుడుకి గున్నేశ్వరరావు మొహం పాలిపోయింది. బాగుచేసినా ఆగని నీళ్ళు కదా మరి. నాకు నోరుంటే నాలుగు మాటల్లో తేలిపోయే విషయం. నా నీళ్ళే ఆవిడకి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంటే చూస్తూ ఉన్నాను.

"ఇల్లు మూసేద్దామమ్మా హైమా. మాతో తుని వచ్చెయ్యి. తరవాత చూద్దాం," అన్నాడు ఆయన.

"సరే బావగారూ," అంది. ఎక్కడికి, ఎన్నాళ్ళు అని అడగలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడే ప్రయాణం. పరుపు తీసుకెళ్ళాల్సినవాడు ఇంకా రాలేదు, తాళంచెవి వాచ్‌మన్‌కి ఇచ్చి పోదామనుకున్నారు. ఆవిడ కత్తిరించి పెట్టిన జాకెట్టు గుడ్డలన్నీ మడతపెట్టి ఎవరివి వాళ్ళకి పంపించేసింది. మిషను మీద పాత చీర కప్పింది. సూది పక్కన ఆ రోజు అతను ఎక్కించబోయిన దారం ఇంకా అలాగే వేలాడుతోంది. దాన్ని కూడా చీరకిందే ఉంచేసింది. ఇక నన్ను ఆపడం ఒక్కటే మిగిలింది.

అప్పుడు మంగతాయారు వచ్చింది. గుమ్మం ఇవతలికి రాకుండా నిలబడింది.

"ఈ టయములో ఇలాంటి మాట అడక్కూడదండి. తప్పే. మీరెళ్ళిపోతే ఇంక అడగడానికి మనిషుండరు కదా అని వచ్చానండి. ఆ డబ్బా ఓసారి పారబోసి వెళ్తారేటండి? నా వడియాల మీద కారిపోతుందండి."

"ఏ డబ్బా?" అంది హైమావతి.

"రత్నంగారు పెట్టారు కదండి, మీ ఏసీ నీళ్ళకి. పొద్దున్నే నేను పెరట్లో ముగ్గేసుకునేటప్పటికి పైన బాల్కనీలో పారబోత్తా కనపడేవోరండి. మీకు చెప్పొద్దన్నారండి. ఆవిడకి కోపం, మనిద్దరి మధ్యనే ఉండనివ్వండి అన్నారు." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రత్నంగారు మానేసిన కాణ్ణించే కారతందండి."

హైమావతి బాల్కనీ తలుపు గడియ తీసింది. లక్ష్మీకాంతం, "ముట్టుకోకు హైమా, ఆ పక్క ముట్టుకోకు," అంటూ లేచింది. ఆవిడ వినిపించుకోలేదు. భర్త పరుపుని రెండు చేతులతో పట్టుకుని పక్కకి లాగింది. దిండు జారిపడితే తీసి పరుపుమీద పెట్టింది. యంత్రం వెనక డబ్బా కనిపించింది. మూతికి ఆకుపచ్చ గుడ్డముక్క. తను కత్తిరించిన గుడ్డని తను గుర్తుపట్టదా? ఒంగి, దాని అంచుమీద వేలు పెట్టి చూసింది. దారంతో కట్టిన ముడి. మిషను దారమే.

ముడి విప్పి, గొట్టం పైకి లాగింది. దాని మూతిలో పేరుకున్న పాచిని వేలితో తీసేసింది. ఇన్నాళ్ళూ నాలో నిలిచిపోయిన నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆవిడ పాదాల మీద పడ్డాయి. గదిలో గిన్నె చప్పుడు ఆగింది. గున్నేశ్వరరావు మంచం దగ్గరికి వచ్చి గిన్నెలోకి వంగి చూశాడు.

కరివేపాకు మొక్క కుండీలో నిలువునా ఎండిపోయి ఉంది. హైమావతి డబ్బా ఎత్తబోయింది, లేవలేదు. మంగతాయారు గుమ్మం దాటి లోపలికి వచ్చి రెండోవైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి కొన్ని నీళ్ళు కుండీలో వంచారు. ఎండుమట్టి వాటిని వెంటనే పీల్చేసింది.

"రోజూ పారబోసేవారా?" అంది హైమావతి.

"రోజూనండి. జొరం వచ్చినప్పుడు కూడానండి."

ఆవిడ ఏడుస్తుందేమోనని అందరూ చూశారు. ఏడవలేదు. గుడ్డముక్క పిండి, మళ్ళీ డబ్బా మూతికి చుట్టి, గొట్టం లోపలికి దించి ముడి వేసింది. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది.

"బావగారూ, నేను రాలేను. శాంతి చేయించెయ్యండి. ఇది రేప్పొద్దున్నకి మళ్ళీ నిండిపోతుంది."

ఆయన భార్యవైపు చూశాడు. లక్ష్మీకాంతం వెళ్ళి మంచం మీది గిన్నె తీసి వంటింట్లో బోర్లించింది.

శాంతి చేయించారు. పరుపు తీసుకెళ్ళేవాడు వచ్చి తీసుకెళ్ళాడు. మిషను మీది చీర తీసేశారు. దారం మాత్రం ఇప్పుడు మంగతాయారు వచ్చి ఎక్కిస్తుంది, వడియాలు ఎండేలోపు ఖాళీయే కదా అంటూ. కరివేపాకు మొదలు దగ్గర ఒక చిగురు వేసింది. హైమావతి దాన్ని ఇంకా కొయ్యలేదు.

మరుసటి వేసవిలో నాకు సర్వీసు చెయ్యడానికి వచ్చిన మెకానిక్ ఈసారి బాల్కనీలోకి వెళ్ళి డబ్బా చూశాడు. "ఇంకో ముక్క గొట్టం అతికితే నీళ్ళు తిన్నగా డ్రైన్‌లోకి పోతాయండి. రోజూ మొయ్యక్కర్లేదు," అన్నాడు.

హైమావతి జాకెట్టు చేతులు కుడుతోంది. మిషను ఆపలేదు.

"వద్దు బాబూ, ఉండనియ్యి," అంది. "పొద్దున్నే లేవడానికి నాకూ ఒక పని ఉండాలి."