పచ్చలైటు

ఆ పెట్టె ఇంటికి వచ్చినప్పటినుంచి కళ్ళద్దాల షాపాయనకు కాళ్ళు నేలమీద ఆనడం లేదని వాళ్ళావిడ అంటూండేది. అందులో అబద్ధమేమీ లేదు. హామ్ రేడియో పిచ్చి, అంటే ఇంట్లో సొంత రేడియో పెట్టుకుని దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడే సరదా, అతనికి పాతదే. షాపు తెరిచే ముందు రేడియో దగ్గర కూర్చుని, అదే పిచ్చి ఉన్న నలుగురితో కాసేపు కబుర్లాడితేగాని అతనికి తెల్లవారినట్టుండదు. కొత్తగా వచ్చిందల్లా ఆ పెట్టె, దాంతోపాటు కాస్త పొగరు.

రేడియోకీ మేడమీద కట్టిన యాంటెనా తీగకీ మధ్య సయోధ్య కుదర్చడానికి ట్యూనర్ అనే పెట్టె ఒకటి కావాలి. కుదరకపోతే పంపిన శక్తి వెనక్కి తిరిగొచ్చి రేడియోనే పాడుచేస్తుంది. ఇదివరకు అతని దగ్గరున్నది చేత్తో తిప్పే ట్యూనర్. చెక్కపెట్టె, లోపల రాగితీగ చుట్ట, బయట రెండు గుండ్రటి మరలు. చెవి ఒగ్గి, ఒక్కో మరా కొంచెం కొంచెం తిప్పుతూ, చప్పుడు ఎక్కడ ఉబికి వస్తుందో కనిపెట్టాలి. దాన్ని చేసిచ్చింది మాస్టారు. సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన ఆ పెద్దాయనే ఇతనికి రేడియోలో ఓనమాలు దిద్దించాడు.

కొత్తది ఆటోమేటిక్. బటన్ నొక్కితే లోపల టకటకమని చప్పుడై, పచ్చలైటు వెలుగుతుంది. అంతే, పని అయిపోయినట్టు. చెక్కపెట్టె వెళ్ళి వరండాలో పూలకుండీ కింద ఎత్తుపీటగా కుదురుకుంది.

రేడియో క్లబ్బులో అందరూ టీ తాగుతుండగా అతను ఆగలేకపోయాడు. "మాస్టారి డబ్బా తిప్పడం అయ్యేసరికి అవతలివాడు భోంచేసి పడుకునేవాడు. ఇదైతే చిటికెలో పని!" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వి, గ్లాసు కింద పెట్టి, "బాగుందిరా అబ్బాయ్. కానీ అది నీ రేడియోని ఊరుకోబెడుతుందంతే. పైన తీగ ఎలా ఉందో దానికి తెలీదు. అప్పుడప్పుడూ మేడెక్కి చూసుకుంటూ ఉండు" అన్నాడు.

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. పెద్దాయనకు కడుపుమంట అనుకున్నాడు.

ఆ తర్వాత పెద్ద గాలివాన వచ్చి వెళ్ళింది. మర్నాటినుంచి రేడియోలో ఉదయపు గుంపులో అందరూ అతనికి పలకడం మానేశారు. అందరి మాటలూ అతనికి వినిపిస్తూనే ఉన్నాయి, కాకపోతే కాస్త సన్నగా. వాతావరణం బాగాలేదనుకుని సరిపెట్టుకున్నాడు. తను పిలిస్తే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. పైగా ఒకరోజు గుంపులోని బేకరీ ఆయన, "కళ్ళద్దాలాయన ఇవాళా రాలేదేంటి?" అంటే, ఆసుపత్రి నర్సమ్మ కిసుక్కున నవ్వి, "పెద్ద మిషను కొన్నారుగా, ఇంక మనమేం కనిపిస్తాం!" అంది. ఇతను గొంతు చించుకుని "ఉన్నాను, ఉన్నాను" అంటూనే ఉన్నాడు. ఎదురుగా నిలబడి పిలుస్తున్న మనిషిని లేడనడం కంటే అవమానం ఏముంటుంది?

లోపం తన దగ్గరుందేమోనన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదా అంటే, వచ్చింది. వచ్చినప్పుడల్లా బటన్ నొక్కాడు. నొక్కినప్పుడల్లా టకటకమంది, పచ్చలైటు వెలిగింది. ఇంక లోపం ఎక్కడుంటుంది, మనుషుల్లో తప్ప! మాస్టారే అందరికీ చెప్పి తనను వెలివేయించాడని తేల్చేసుకున్నాడు. మాస్టారు ఫోన్ చేస్తే కట్ చేశాడు.

వాళ్ళావిడ ఒకసారి, "మేడమీద ఏదో తీగ తెగి వేలాడుతోందండీ, బట్టలారేస్తుంటే మొహానికి కొడుతోంది" అంది. "కేబుల్ టీవీ వాళ్ళదై ఉంటుంది, పక్కకు కట్టెయ్" అని విసుక్కున్నాడు. షాపుకు వచ్చినవాళ్ళను గోడమీద అక్షరాలు చదవమని గంటలకొద్దీ ఓపికపట్టే మనిషి, తన ఇంటి మెట్లెక్కి తల పైకెత్తడానికి మాత్రం తీరిక చేసుకోలేదు.

ఒక ఆదివారం ఉదయం గుంపులో మాస్టారి గొంతు లేదు. "ఆయనకేదో పనుందట, మనల్ని కానిచ్చెయ్యమన్నారు" అని బేకరీ ఆయన చెబుతున్నాడు. ఇతను పిలిచాడు. లేదు. మళ్ళీ పిలిచాడు. లేదు. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. మైకు బటన్ నొక్కి పట్టి అందుకున్నాడు.

"వినండి అందరూ! మీ మాస్టారు పెద్దమనిషి అనుకున్నా. ఒక్క మాటకే ఇంత సాధింపా? ఆయన చేసిన ఆ డొక్కు డబ్బా నా పూలకుండీకి తప్ప దేనికీ పనికిరాలేదు. భార్య పోయినప్పటినుంచి ఇంటింటికీ దూరి పెత్తనం చెయ్యడం తప్ప ఆయనకింకేం పనుంది? ఎవరు రమ్మన్నారని? ఎవరికి కావాలని?"

బటన్ వదిలాడు. రేడియోలో బేకరీ ఆయన, ఏమీ జరగనట్టు, ఓవెన్ రిపేరు సంగతి చెప్పుకుపోతున్నాడు.

వెనక చిన్న అలికిడైంది. తిరిగి చూస్తే గుమ్మంలో వాళ్ళావిడ. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమె పక్కన మాస్టారు, భుజానికి సంచీ, చేతిలో చుట్టిన రాగితీగ.

ఎంతసేపటినుంచి ఉన్నారని అడగాల్సిన పని లేదు. మాస్టారు అతనివైపు చూడకుండా, "అమ్మా, మేడ తాళం ఇస్తావా?" అని అడిగాడు.

ముగ్గురూ పైకెక్కారు. స్తంభానికి కట్టిన తీగ, అతుకు దగ్గర ఊడి, గోడ పక్కన వేలాడుతోంది. దాన్ని వాళ్ళావిడ కొక్కేనికి లాగి కట్టి, దండెంగా వాడుకుంటోంది. దానిమీద అతని సాక్సులు నాలుగు, ఒక చేతిరుమాలు ఆరుతున్నాయి.

"ఇది మీదేనా? చెప్పానుగా" అంది ఆమె, వినీవినపడనట్టు.

ఇన్నాళ్ళూ ఆ ట్యూనర్ తెగిన తీగతో, కిందనుంచి పైకి పాకిన పాత కేబుల్‌తో సయోధ్య కుదుర్చుకుని, పచ్చలైటు వెలిగించి కూర్చుంది. అతను అరిచిన అరుపులన్నీ ఆ కేబుల్లోనే వెచ్చబడి చల్లారిపోయాయి. చేత్తో తిప్పే పాతపెట్టె అయితే, మరలు ఎప్పుడూ ఆగే చోట ఆగకపోతే అతని చేతికే అనుమానం వచ్చేది. సాక్సులు ఒక్కొక్కటీ తీస్తుంటే, ఆ నాలుగూ ఎప్పటికీ అయిపోకుండా ఉంటే బాగుండుననిపించింది.

మాస్టారు తీగ కొస గీకి, కొత్త ముక్క అతికి, సీసం కరిగించి పోయబోయాడు. గాలికి తీగ కదులుతోంది. "నేను పట్టుకుంటాను" అన్నాడు ఇతను. మాస్టారు పట్టుకోనిచ్చాడు. సీసం పోస్తూ, తలెత్తకుండానే, "ఇంటింటికీ వెళ్తున్న మాట నిజమేరా. సాయంత్రమయ్యేసరికి ఆ ఇంట్లో కూర్చోలేకపోతున్నాను" అన్నాడు.

అతుకు చల్లారి గట్టిపడేదాకా ఇతను తీగ వదల్లేదు.

కిందికి దిగేసరికి వరండాలో పూలకుండీ అడ్డం వచ్చింది. మాస్టారు దాన్ని చుట్టి వెళ్ళాడు. నీళ్ళకు ఉబ్బి పగిలిన చెక్కను చూసి కూడా చూడనట్టే వెళ్ళాడు.

బటన్ నొక్కితే టకటకమంది. అదే పచ్చలైటు, ఇన్నాళ్ళూ వెలిగినట్టే వెలిగింది. కానీ ఈసారి గదినిండా గొంతులు ఉబికి వచ్చాయి. బేకరీ ఆయన పక్కింట్లోంచి మాట్లాడుతున్నట్టున్నాడు.

మాస్టారు సంచీ సర్దుకుంటూ, "ఇందాక నువ్వన్నది ఎవరికీ అందలేదులే. ఆ సంగతి వదిలెయ్. పిలువు వాళ్ళని" అన్నాడు.

నిజమే. ఎవరికీ అందలేదు. ఇక్కడితో మింగేస్తే లోకంలో ఎవరికీ తెలియదు. వాళ్ళావిడకూ, ఎవరిని అన్నాడో ఆ మనిషికీ తప్ప.

పిలిచాడు. అంతే, అటునుంచి ఒకటే గోల.

"అమ్మయ్య! ఎక్కడికి పోయారండీ బాబూ?" అన్నాడు బేకరీ ఆయన. "మేమంతా బెంగపెట్టుకున్నాం. మాస్టారైతే ఫోనెత్తట్లేదని ఒకటే కంగారు. తీగ ఊడి ఉంటుంది, నేనే వెళ్ళి చూస్తానని పొద్దున్నే బయల్దేరారట, ఇప్పుడే నర్సమ్మ చెప్పింది. వచ్చారా?"

"వచ్చారు."

"బాగా చీవాట్లు పెట్టారా? ఏమన్నారేంటి?" నర్సమ్మ నవ్వుతూ అడిగింది.

అతను మాస్టారివైపు చూశాడు. మాస్టారు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఆయనేమీ అనలేదండీ" అన్నాడు. "అన్నదంతా నేనే."

మైకు బటన్ వదిలితే ఎవరో ఒకరు ఒక మంచిమాట వేసి దాటించేస్తారని అతనికి తెలుసు. నొక్కి పట్టినంతసేపూ అవతలివాళ్ళు మాట్లాడటానికి లేదు. అందుకని వదలకుండా, ఇందాక తను అన్నవన్నీ, పూలకుండీతో సహా, ఒక్క ముక్కా మింగకుండా వాళ్ళందరికీ చెప్పాడు.