కుటుంబ సమేతంగా

తొమ్మిది మందికి ఉప్మా చెయ్యాలంటే ఎన్ని ఉల్లిగడ్డలు తరగాలో నా చేతులకే తెలుసు. యూనియన్ మీటింగు ఉన్న ప్రతి ఆదివారం మా హాల్లనే కూసుంటరు. నేను, నా భర్త మల్లికార్జున్ నల్లగొండల ఒకే పత్రికల పనిచేస్తున్నం. ఆయన రిపోర్టరు, యూనియన్‌కు జిల్లా సెక్రెటరీ. నేను డెస్కుల వార్తలు దిద్ది పేజీలు పెడుత. ఆఫీసుల నన్ను 'మేడం' అనే రఘుపతి మా ఇంట్ల కూసుంటే 'వదినా, చాయ్‌ల చక్కెర జర తక్కువెయ్యి' అంటడు.

ఈ యూనియన్ పుట్టింది కూడ మా హాల్లనే, తెలంగాణ వచ్చిన మరుసటేడు. ఊరందరి సమ్మెలు మా పేజీలల్ల అచ్చయితుండె గని, మా జీతాల మాట ఎత్తేటోడు లేకుండె. మొదటి కరపత్రం నేనే కంపోజ్ చేసిన. ఆయన 'కార్మిక సోదరులారా' అని చెప్పిండు. నేను 'సోదరీమణులారా' అని కలిపిన. 'జాగ సాలదు, తీసెయ్' అన్నడు. తీసేసిన. ప్యాకింగోళ్లు, బండ్ల డ్రైవర్లు సభ్యత్వం తీసుకోనీకి భయపడితే, వాళ్ల ఇండ్లకు పోయి ఆడోళ్లకు నచ్చజెప్పింది నేను. ఆ కోపంతోని మేనేజ్‌మెంటు ఆయనను మహబూబ్‌నగర్‌కు బదిలీ చేసింది. ఏడాది పాటు బిడ్డను, అత్తను, డ్యూటీని ఒక్కదాన్నే ఈడ్చిన. యూనియన్ కొట్లాడి ఆయనను వాపస్ తెచ్చుకున్ననాడు మెడ నిండ దండలేసిండ్రు. మా అత్త గుర్వమ్మ 'నా కొడుకు నలుగురి కోసం తిరుగుతాండు, నువ్వు ఇల్లన్న సక్కగ చూసుకో' అన్నది. ఇంట్లకొచ్చిన ఆయన మొదటి మాట, 'ఇల్లేంది గిట్లున్నది?'

కరోనా యేడు జిల్లా పేజీలు సగానికి సగం తగ్గినయి. డెస్కుల ఎనిమిది మందిని తీసేస్తమని పైనుంచి కబురొచ్చింది. యూనియనోళ్లు హైదరాబాద్ పోయి మాట్లాడొచ్చిండ్రు. ఆ ఆదివారం వంటింట్ల రవ్వ వేయించుకుంట నేను పరద ఇవుతల నుంచి అంత విన్న.

"ఎనిమిదిని మూడుకు దించినం," అన్నడు మా ఆయన. "డెస్కుల ముగ్గురు ఆడోళ్లున్నరు. సుస్మితకు రేపో మాపో పెండ్లయితది. మమత చిట్యాలల అమ్మగారింట్ల ఉంటది, కిరాయి బాధ లేదు. ఇగ మూడో పేరు సుచరిత. నా ఇంట్ల నుంచే మొదలుపెడితె ఎవ్వరు నోరెత్తరు."

రఘుపతి గొంతు: "అన్నా, నీది పెద్ద త్యాగం."

త్యాగం ఆయనదట. రవ్వ మాడి పొగలొస్తున్నా నా చెయ్యి కదల్లేదు. ఒకామెకు మొగడున్నడని, ఒకామెకు రేపు వస్తడని, ఒకామె మొగన్ని వదిలేసి అమ్మగారింట్ల బతుకుతాందని కొలువు తీసేస్తున్నరు. ఏ మొగోన్నన్న నీ పెండ్లాం సంపాదిస్తది గదా, నువ్వు ఇంటికి పో అన్నరా? రఘుపతి భార్య సర్కారు టీచరు. ఆ సంగతి ఆ హాల్ల ఒక్కరికి గుర్తు రాలే.

అందరు పోయినంక అడిగిన. "నాకు ఒక్కమాటన్న చెప్పినవా?"

"నీకు చెప్పేదేముంది? నువ్వు అర్థం చేసుకుంటవ్ గదా," అన్నడు, ఫోన్ల నుంచి తల ఎత్తకుంట.

ఆఖరి రోజు మమత బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. "అక్కా, మేనేజ్‌మెంటు తీసేసిందంటే ఇంత బాధ కాకపోతుండె," అన్నది.

నాలుగు నెలలకు నల్లగొండ ఆఫీసుకే తాళమేసిండ్రు. పేజీలన్నీ ఇగ హైదరాబాద్‌లనే పెడుతరట. మిగిలిన మొగోళ్లందరు రోడ్డున పడ్డరు. మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ ముట్టలేదు. పాపమనిపించింది. మూడో రోజు నా దగ్గరకొచ్చి మెల్లగ అన్నడు:

"రేపు కలెక్టరేట్ ముంగట ధర్నా. కుటుంబ సమేతంగ కూసోవాలని తీర్మానం చేసినం. మమతను, సుస్మితను గూడ పిలువు. ఆడోళ్లు ముందు వరుసల ఉంటే మంచిగుంటది."

"డిమాండ్లల్ల మా ముగ్గురి సంగతి ఉన్నదా?"

"మీది ఎప్పుడో సెటిలయింది. ఇప్పుడు గది కదిలిస్తే ఆ లిస్టు మీది మన సంతకం మనకే చూపిస్తరు."

"మన సంతకం కాదు, నీ సంతకం," అన్న.

మా అత్త లోపల్నుంచే, "మొగడు ఆపదల ఉంటే గిట్లనేనా మాట్లాడేది?" అన్నది. నేను ఆపదల ఉన్న నాడు ఆమె పక్కింటామెతోని, 'మంచిగయింది, ఇగ ఇల్లు పట్టుకొని ఉంటది' అన్నది.

తెల్లారి టెంటు కింద ముందు వరుసల భార్యలు, పిల్లలు కూసున్నరు. వాళ్ల మీద నాకు ఏ కోపం లేదు. మమత, సుస్మిత, నేను రోడ్డుకు ఇవుతల, టెంటుకు ఎదురుంగ చెద్దరు పరుచుకొని కూసున్నం. కాసేపటికి మైకు ఆగింది. మా ఆయన రోడ్డు దాటి వచ్చిండు. మొఖం ఎర్రబడ్డది.

"పరువు తీస్తున్నవ్ సుచరితా. మేనేజ్‌మెంటు సూసి నవ్వుతది. ఎవలికి ఎదురు కూసున్నవ్ నువ్వు? నడువు, అవుతల కూసో."

మేం ముగ్గురం లేచి నిలబడ్డం.

"అవుతలికి రానీకే వచ్చినం, సెక్రెటరీగారూ. మీరు ముందుగాల మా ముగ్గురి కొలువుల వినతిపత్రం తీసుకోండ్రి."

పన్నెండేండ్ల సంసారంల నేను ఆయనను 'మీరు' అనుడు అదే మొదలు.