గోడవైపు చోటు

భోజనాల బల్ల దగ్గర జోసియాన్‌ది ఎప్పుడూ గోడవైపు చోటే. పెళ్లయిన నాటి నుంచీ అంతే. హోటలైనా, చుట్టాల ఇల్లైనా, అర్మాన్ ముందుగా లోపలికి వెళ్లి, గోడకీ బల్లకీ మధ్యనున్న పొడవాటి బెంచీ మీద ఆమెను నడిమధ్యన కూర్చోబెడతాడు. తాను మాత్రం బల్ల చివర, కాళ్లు చాపుకోవడానికి వీలున్న కుర్చీలో కూర్చుంటాడు. ఆమె లేవాలంటే ఇటువైపు వాళ్లో అటువైపు వాళ్లో వరసగా లేవాలి. నలుగురినీ లేపడం ఆమెకు మొహమాటం. అందుకని అసలు లేవదు.

ఈరోజు ఈ సముద్రపు ఒడ్డు హోటల్లోనూ అలాంటి బెంచీయే, అదే నడిమధ్య. ఎదురుగా కిటికీ, కిటికీలో సముద్రం, సముద్రానికి అవతల దీవి. నీళ్లు వెనక్కి తీశాయి. దీవికి పోయే రాతిరోడ్డు బయటపడి, తడితడిగా మెరుస్తోంది. మళ్లీ నీళ్లు వస్తే అది మునిగిపోతుంది. ఆలోపు వెళ్లినవాళ్లు వెళ్లినట్టు, మిగిలినవాళ్లు మిగిలినట్టు.

దీవిలో ఆమె అక్క ఒదీల్ ఉంది. చర్చి ముందు నిలబడి ఎదురుచూస్తానంది.

వెర్నాద్ ఊరి వృద్ధుల క్లబ్బు ఏటా మే నెలలో ఒక యాత్ర చేస్తుంది. క్లబ్బుకు అర్మాన్ ప్రెసిడెంటు. ఈసారి బ్రిటనీ తీరం, దాని వెనక పల్లెటూళ్లూ చూడ్డానికి వచ్చారు. బయల్దేరేముందు అర్మాన్ మెడలో ఒక విజిల్ తగిలించుకున్నాడు. విజిల్ ఊదితే దిగాలి, ఊదితే ఎక్కాలి. కొండచరియ మీద నిలబడి కింద అలల్ని కళ్లారా చూద్దామనుకునేసరికి విజిల్. ఆపిల్ తోటలో, రాలిన పూల మధ్య గడ్డిలో కాస్త కూలబడేసరికి విజిల్. బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు. కిటికీ పక్క సీటంటే అదృష్టం అంటారు గానీ, ఇవతలి సీట్లో అర్మాన్ లాంటి మనిషి గుర్రుపెడుతుంటే అదీ గోడవైపు చోటే. ఇన్ని రోజులూ ఫ్రాన్సు అందమంతా ఆమెకు అద్దంలోంచే కనిపించింది.

ఒదీల్‌తో గొడవ పదకొండేళ్ల నాటిది. అర్మాన్ తల్లి ఖననం అయ్యాక అందరూ భోజనానికి కూర్చున్నారు. భోజనం చివర వచ్చే చీజ్ పళ్లెం ఇంకా రాలేదు, ఒదీల్ లేచి నిలబడింది. "నేను వెళ్లాలి. రేపు పొద్దున నీళ్లు తీసే వేళకి సముద్రంలో నత్తగుల్లలు పెంచే మళ్ల దగ్గర ఉండాలి," అని అందరి బుగ్గలూ ముద్దాడి వెళ్లిపోయింది. వెర్నాద్‌లో మనిషిని మొహం మీద తిట్టినా మర్నాటికి మర్చిపోతారు. చీజ్ రాకముందు బల్ల దగ్గర్నుంచి లేచిపోయిన మనిషిని మాత్రం మర్చిపోరు. "మా అమ్మను పూడ్చిన నాటి భోజనం సగంలో వదిలేసి పోయింది," అన్నాడు అర్మాన్. ఆ తర్వాత ఆ ఇంట్లో ఒదీల్ పేరు ఎత్తినవాళ్లు లేరు. ఎత్తకుండా ఊరుకున్నవాళ్లలో జోసియాన్ కూడా ఉంది. అదే ఆమెను లోలోపల తినేస్తోంది.

మార్చిలో, అర్మాన్ పేకాటకు పోయినప్పుడు ఒదీల్ ఫోన్ చేసింది.

"చూపు పోతోందే జోసీ. చుట్టూ బాగానే ఉంది, నడిమధ్యే మసక. శీతాకాలానికి మొహాలు ఆనవన్నాడు డాక్టరు. నీ మొహం ఆనేటప్పుడే ఒక్కసారి రా."

జోసియాన్ ఈ మాట చెప్పుకుంది పొలెత్ ఒక్కతెతోనే. పొలెత్ పక్కింటి విధవ, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. క్లబ్బు మీటింగులో దీవి చూద్దామని లేచి అడిగింది ఆవిడే. అందరూ చేతులెత్తారు. అర్మాన్ కాదనలేదు. మెత్తబడ్డాడు కాబోలు అనుకుంది జోసియాన్. పిచ్చిది.

చేపల సూపు అయింది. గొర్రె తొడ రావలసిన చోట ఆల్చిప్పల గిన్నెలు వచ్చాయి.

"ఇదేంటి, ఇది మన భోజనంలో లేదుగా?" అంది పొలెత్.

"ప్రెసిడెంటు తరఫున!" అన్నాడు అర్మాన్, రుమాలు కాలర్లో దోపుకుంటూ. "మెల్లగా తినండి. ఎవరు తరుముతున్నారు?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆల్చిప్పల్ని ఒక్కొక్కటిగా విప్పుకుని తినడానికి ఎంతసేపు పడుతుందో అర్మాన్‌కు తెలుసు. కిటికీలో రోడ్డు వెంట కార్లు వెళ్తున్నాయి, వస్తున్నాయి. జోసియాన్ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది.

గొర్రె తొడ వచ్చేలోపు అర్మాన్ లేచి ఉపన్యాసం మొదలుపెట్టాడు. క్లబ్బు ఎలా పుట్టింది, తాను లేకపోతే ఏమయ్యేది, అన్నీ చెప్పాడు. మధ్యలో డ్రైవరు బ్రాహీమ్ తలుపు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ప్రెసిడెంటు గారూ, ఇప్పుడు కదిలితే దీవిలో కాసేపైనా తిరగొచ్చు. తర్వాత కష్టం."

"చీజ్ రాలేదయ్యా! చీజ్ రాకుండా బల్ల దగ్గర్నుంచి లేచే మనుషుల్లా కనిపిస్తున్నామా?"

అందరూ నవ్వారు. అర్మాన్ నవ్వుతూనే బల్ల మీదుగా జోసియాన్ వైపు చూశాడు. ఆ చూపు చాలు. ఆల్చిప్పలు ఎందుకు వచ్చాయో, ఉపన్యాసం ఎందుకు సాగుతోందో ఆమెకు అప్పుడు తెలిసింది. చిన్నప్పటి నుంచీ ఎరగనంత కోపం వచ్చింది.

బ్రాహీమ్ మళ్లీ వచ్చేసరికి గొర్రె తొడ ఎముకలు తీసుకెళ్తున్నారు.

"ఇక కుదరదండీ. బస్సు అటు వెళ్తే ఇవాళ తిరిగి రాదు."

"పోనీవయ్యా, ఏం పోయింది? దీవి ఇక్కణ్నుంచే కనిపిస్తోందిగా. చూడండర్రా, ఎంత బాగుందో!" అన్నాడు అర్మాన్.

కొందరు "అయ్యో" అన్నారు. లేచినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. చీజ్ పళ్లెం వంటింటి గుమ్మంలో కనబడుతోంది మరి.

"కాస్త లేవండి, నేను వెళ్లాలి," అంది జోసియాన్.

పక్కనున్న బెర్త్రాన్, ఊళ్లో ఒకప్పుడు రొట్టెల కొట్టు నడిపిన భారీ మనిషి, కదల్లేదు. "బాత్రూమా? కాస్త ఓర్చుకో జోసీ. అదిగో చీజ్ వచ్చేస్తోంది."

"బాత్రూమ్ కాదు. లేవండి."

"కూర్చో జోసీ," అన్నాడు అర్మాన్, బల్ల చివర్నుంచి. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఆమె కూర్చుంది. కూర్చున్నట్టే కూర్చుని, బెంచీ మీద నుంచి కిందికి జారింది. తెల్ల బట్ట తొలగించి బల్ల కిందికి దూరింది. అరవై ఏడేళ్ల మనిషి, కొత్త నీలం గౌనులో, మోకాళ్ల మీద పాకుతూ బయల్దేరింది. చుట్టూ బూట్లు, వాచిన చీలమండలు, కింద పడ్డ రొట్టె తునకలు. ఎవరో కెవ్వుమన్నారు. ఎవరో ఎలుక అన్నారు. అవతల అంచున బట్ట పైకి లేచింది. పొలెత్ మొహం కనబడింది.

"ఇటు, ఇటు! నా కాలు తొక్కకే. నీ బ్యాగు నేను చూస్తాలే, పో!"

బయట గాలి చెంప మీద కొట్టింది. బస్సు దగ్గర బ్రాహీమ్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "బస్సు తియ్యలేనమ్మా. వీళ్లందర్నీ సాయంత్రానికి బసకి చేర్చాలి." ఆమె అతని కోసం ఆగలేదు. రోడ్డు మొదట్లోకి నడిచింది. రాళ్ల మధ్య అప్పుడే నీళ్లు నాలుకలు చాపుతున్నాయి. వెనక నుంచి నత్తగుల్లల సంచులు వేసుకున్న ట్రాక్టరు వచ్చి పక్కన ఆగింది. దాని మీద మీసాల మనిషి ఒకడు.

"మతి ఉందా మీకు? నీళ్లొస్తున్నాయి. అటు కాదు, ఇటు పొండి."

"ఒదీల్ చెల్లెల్ని," అంది జోసియాన్, రొప్పుతూ.

అతను ఆమె గౌను మీది దుమ్మునూ మోకాళ్లనూ చూశాడు. ఒక సంచి పక్కకు జరిపాడు. "ఎక్కండి. గట్టిగా పట్టుకోండి."

ట్రాక్టరు కదిలాక వెనక విజిల్ వినబడింది. ఒడ్డున అర్మాన్, కాలర్లో రుమాలు అలాగే ఉంది. మళ్లీ ఊదాడు. ఆమె ఒళ్లు ఉలిక్కిపడింది. కాలు దానంతటదే దిగడానికి కిందికి సాగింది. సిగ్గేసింది ఆమెకు, తన కాలిని చూసి. రెండు చేతులతో ఆ కాలిని పైకి లాక్కుని సంచుల మధ్య కూర్చుంది. చక్రాల చుట్టూ నీళ్లు చప్పుడు చేస్తున్నాయి. విజిల్ ఇంకా వినబడుతూనే ఉంది, తర్వాత వినబడలేదు.

ఒదీల్ చర్చి దగ్గర లేదు. బస్సు రాకపోయేసరికి రోడ్డు దిగే చోటికే వచ్చి, రబ్బరు బూట్లతో నీళ్ల అంచున నిలబడి ఉంది. ట్రాక్టరు మీద ఎవరో ఉన్నారని తెలుస్తోంది, ఎవరో తెలియడం లేదు.

"ఎవరది?"

జోసియాన్ దిగి దగ్గరికి వెళ్లింది. ఒదీల్ సూటిగా చూడలేదు. కోడి చూసినట్టు తల పక్కకు తిప్పి, కంటి చివర నుంచి చూసింది. కాసేపు అలాగే చూసింది. తర్వాత ఉప్పు వాసన కొట్టే అరచేతులతో చెల్లెలి చెంపలు పట్టుకుంది.

"ముసలిదానివైపోయావే!"

"కనిపిస్తున్నానా?"

"పక్కన ఉంటే కనిపిస్తావు. నట్టనడుమ ఉంటేనే కనబడవు." ఒదీల్ కళ్లు తుడుచుకుంది. "వాడెలా పంపాడు?"

"పంపలేదు. చీజ్ రాకముందే లేచి వచ్చేశాను."

ఒదీల్ నోరు తెరిచింది. తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి వంగిపోయి మోకాళ్లు పట్టుకుంది. జోసియాన్ కూడా నవ్వింది, ఏడుస్తూనే. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు లేదు. అవతలి ఒడ్డున చిన్న తెల్ల చుక్క ఒకటి నిలబడి ఉంది, రుమాలు కాబోలు.

"రేపు పొద్దున నీళ్లు తీస్తాయి," అంది ఒదీల్ ఇంటికి నడుస్తూ, మెల్లగా. "వెళ్లిపోతావా?"

జోసియాన్ అక్క చెయ్యి పట్టుకుంది. ఒదీల్ ఇంట్లో వంటగది చిన్నది. బల్ల గోడకు ఆనించి ఉంది. గోడవైపు ఒక బెంచీ, దాని మీద మెత్తటి దిండు. ఒదీల్ దిండు దులిపి, "రా, ఇలా లోపలికి కూర్చో, హాయిగా ఉంటుంది," అంది.

"నాకు ఇక్కడ బాగుందిలే," అని జోసియాన్ తలుపు పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఒదీల్ పొయ్యి దగ్గర్నుంచి తల పక్కకు తిప్పి ఆమెను చూసింది. "అక్కడుంటే బాగా ఆనుతున్నావు," అని చీజ్ కోయడం మొదలుపెట్టింది.