దసరాకొచ్చే ఫోన్లో అత్త గొంతు

పొద్దున లేచేసరికి ఆకాశం మూసుకుపోయి ఉంది. మిట్టేమరి పక్కనుంచి లేచిన మబ్బు మోడం బాగేపల్లి మీదికి వచ్చి నిలబడింది. కురవదు, కదలదు. పెద్దల అమావాస్య. వీణ వంటింట్లో కూర్చుని ఓళిగల పూర్ణం కోసం ఉడికిన పప్పు బేడలు రోట్లో వేసి రుబ్బుతోంది.

అరుగు మీద ఆమె మొగుడు నందీశ్ వీడియో చూస్తున్నాడు. అతనికి బస్టాండు దగ్గర ఫోన్ల అంగడి. దసరాకి రాబోయే ఫోను గురించి ఎవడో చెబుతున్నాడు. ఆ ఫోను ఇంకా ఎవరి చేతికీ రాలేదు. అయినా దాని కడుపులో ఏముందో అందరికీ తెలిసిపోయినట్టే ఉంది.

"బ్యాటరీ రెండు దినాలు నిలుస్తాదంట. చీకట్లో తీసినా మొకం తెల్లంగా పడతాదంట. చిప్పు కొత్తది, వేడెక్కదంట. వింటాండావా?"

"వింటాండా."

"అదంతా పైపైన. లోపల సాఫ్ట్‌వేర్ ఉండాది చూడు, అదీ సంగతి. మనిషి మాట్లాడిన రికార్డింగులు ఇస్తే ఆ గొంతు నేర్చుకొని అట్లే మాట్లాడతాదంట. పేరు పెట్టి పిలుస్తాదంట." లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. "అమ్మ గొంతు పెడదాం. పొద్దున్నే వీణా, కాపీ అని ఎట్ల పిలిచేదో అట్లే పిలుస్తాది. నీ ఫోన్లో ఉండాయి కదా. అన్నీ ఇయ్యి."

పొత్రం ఆగింది.

అత్త జయలక్ష్మమ్మ పోయి ఇది రెండో ఏడు. తుంటి విరిగి నడిమింట్లో మంచం పట్టిన మనిషి. అరిస్తే వీధికి వినపడుతుందని, పరువు పోతుందని, మంచం మీదనుంచే వంటింటికి ఫోన్ చేసేది. మధ్యలో ఉండేది ఒక్క గోడ. నీళ్ళు. కాపీ. గుడ్డ తడిసింది. చచ్చినావా యాడన్నా. మా పుట్టింట్లో పనిమనిషి నీకన్నా ముందు పలికేది. వీణ ఆ ఫోను రైకలో పెట్టుకొని తిరిగేది. నీళ్ళు పోసుకొనేటప్పుడు గూట్లో పెట్టుకొనేది. అవన్నీ రికార్డు కావాలని ఆమె అడగలేదు. నేను అంగట్లోంచి ఫోన్ చేసి చెప్పిన పని చెప్పలేదంటావు, ఇంగ సాక్ష్యం ఉంటాది అని ఒకనాడు నందీశే ఆమె ఫోను లాక్కొని, వచ్చిన ప్రతి ఫోన్‌కాలూ రికార్డయ్యేటట్లు చేసి ఇచ్చాడు. అత్త పోయాక మంచం ఎత్తేశారు. గచ్చు మీద దాని కాళ్ళ గుంటలు మిగిలాయి. ఇప్పటికీ కుక్కరు కూత నడుమ ఫోను మోగినట్టవుతుంది. తడి చేత్తోనే చెంబు ముంచుకొని నడిమింట్లోకి పోతుంది. ఆ గుంటల ముందర కాసేపు నిలబడి, నీళ్ళు తానే తాగి వస్తుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్త మీద ఎంత ప్రేమో అంటారు. దానికి ఏం పేరు పెట్టాలో ఆమెకే తెలీదు. పిలిచే మనిషి పోయినా ఒళ్ళు పలుకుతూనే ఉంది. ఇంక నిజంగానే పిలిస్తే? ఈసారి ఆ గొంతుకు చావు కూడా ఉండదు.

"ఒద్దు" అంది.

"ఏం, పోయినాక కూడా మా అమ్మ నీకు బరువేనా?"

"మీ ఫోన్లో లేదా ఆమె గొంతు?"

"నాకెందుకు చేస్తాది? అంగట్లో పనిలో ఉంటానని తెలుసు కదా. ఆమెకు ఎప్పుడు చూసినా నువ్వే. పెట్టి పుట్టినావు పో." నవ్వాడు.

కూతురు నమ్రత వాకిట్లో ముగ్గు ఆపి తలెత్తింది. పీయూసీ చదివే పిల్ల. "ఆ ఫోను నన్ను గూడా పిలుస్తాదా అప్పా?"

"ఎందుకు పిలవదు? మీ అమ్మ పలక్కపోతే ఇంగ నిన్నే."

వీణ కూతురి ముఖం చూసింది. చేతికంటిన బేడల పిండి కడుక్కుంది.

"ఇస్తాలే" అంది.

"అట్ల రా దారికి. ఎడ ముందర ఒకటి వినిపిద్దాం, అమ్మ సంతోషపడతాది. మంచిది చూసి తీయి."

అమావాస్య నాడు పోయినవాళ్ళ పటం ముందర ఆకు పరిచి, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించి ఎడ పెడతారు. జయలక్ష్మమ్మ పటం ముందర ఓళిగలు, వడలు, కొత్త చీర, ఆకువక్క పెట్టారు. వాటి పక్కన వీణ పాత ఫోను పెట్టింది. ఏది తీయాలో వెతుక్కోలేదు. వడలు కాలుస్తున్నప్పుడే ఆమెకు తెలుసు.

నందీశ్ కర్పూరం వెలిగించాడు. వీణ ఫోను మీద వేలు పెట్టింది.

"వీణా, నందీశు వచ్చినట్లుండాడు. చెప్పుల చప్పుడయింది. ఒక్క తూరి ఇట్ల రమ్మను. ఊరికే చూస్తా."

వెనకనుంచి మగగొంతు, నోట్లో ముద్దతో: "ఇంగా రాలేదని చెప్పు. పోతే వదలదు."

తర్వాత వీణ గొంతు: "ఇంగా రాలేదత్తా."

కాసేపు ఊపిరి మాత్రమే వినబడింది.

"సరేమ్మా. ఆ వచ్చిన మనిషికి అన్నం చల్లారకుండా పెట్టు."

కర్పూరం ఆరిపోయింది. పళ్ళెం పట్టుకొని నందీశ్ అట్లే నిలబడ్డాడు. "ఇదెందుకు పెట్టినావు?" అన్నాడు.

"మంచిది అడిగినారు కదా. మీ అమ్మ నన్ను అమ్మా అనింది దీంట్లో ఒక్కదాంట్లోనే." వీణ ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. "అన్నీ తీసుకోండి. కొత్త ఫోన్లో పెట్టుకోండి. ఆమె పిలిస్తే ఇంగ పలికేది మీరే. నేనూ పలకను, నా బిడ్డా పలకదు."

అమ్మ రోజూ లాగే వడ్డించాక తింటుందని నమ్రత రెండు ఆకులే వేసింది, అప్పకొకటి, తనకొకటి. వీణ మూడో ఆకు తెచ్చి పక్కనే పరిచింది. గిన్నెలన్నీ నడుమ పెట్టి కూర్చుంది. నందీశ్ ఆకులో చారు అయిపోయింది. అలవాటుగా తలెత్తి చూశాడు. వీణ ఓళిగ తుంచుకుంటోంది. అతనే వంగి గిన్నె లాక్కున్నాడు.

బయట మోడం ఇంకా అట్లే ఉంది. ముగ్గురూ తిన్నారు. ఇన్నాళ్ళూ వీణ ఒక్కతే చెవి ఒగ్గిన నడిమింటి వైపు, ఆ పూట ముగ్గురి చెవులూ ఉన్నాయి.