భూపాలపల్లి నుంచి వచ్చిన పొగ

జనగామలో పొద్దు గూకగానే ఇళ్ల గేట్లు ఓరగా తీసి పెడతారు. అది పొగలు ఇంటికొచ్చే వేళ. పగలంతా బండి వదిలిన పొగ బజార్లన్నీ తిరిగి తిరిగి, తన ఇల్లు గుర్తుపట్టి, వాకిట్లో ఓ మూల కూలబడుతుంది. సొంతింట్లో ఉంటేనే అది పలుచబడి తెల్లారేసరికి పోతుంది. పరాయి ఇంట్లో రోజురోజుకూ చిక్కబడుతుంది. అందుకే ఎవరి పొగను వాళ్లు లోపలికి పిలుచుకోవడం అక్కడి మర్యాద.

జగన్మోహన్ మాత్రం కరెంటు కారు కొన్నప్పటి నుంచి సాయంత్రం కాగానే గేటుకు తాళం వేసేస్తున్నాడు. "మాకింక పొగనే లేదు" అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. పెళ్లికి పోయినా కారు ముచ్చటే, చావుకు పోయినా కారు ముచ్చటే. ఆయన్ను చూసి పక్క సందులోకి తిరిగేవాళ్లూ ఉన్నారు. కూతురు అక్షయ చదివే బడిలో తల్లిదండ్రుల కమిటీకి పెద్ద కూడా ఆయనే.

ఆరు నెలలు గడిచాక ఓ శనివారం మధ్యాహ్నం కమిటీ వాళ్లను ఇంటికి పిలిచాడు. డీజిల్ ఆటోల్లో పిల్లల్ని తేవద్దని తీర్మానం రాశారు. ఆ బడికి ఉన్న డీజిల్ ఆటో ఒక్కటే, గోప్యాది. తండా నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఆ బడి పిల్లల్నే తిప్పుతున్నాడు. ఇది పోతే హైదరాబాద్ వెళ్లి మళ్లీ ఇటుకలు మోయాల్సిందే. అతను బతిమాలుకుందామని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అప్పుడే ఆటో వదిలిన పొగ అతని వెనకే ఒదిగి కూర్చుంది.

"రెండేండ్లు ఆగుండ్రి పటేలా. నేను గూడ కరెంటు ఆటో తెచ్చుకుంట."

"రెండేండ్లల్ల లోకం ఎంత ఖరాబైతదో ఎర్కేనా? ఎండలు ఎట్ల కొడుతున్నయో చూస్తలేవా? పిల్లల పానం నీకు ఆటలెక్క ఉన్నదా?"

ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. ఎండలు నిజంగానే మాడుస్తున్నాయి.

జగన్మోహన్ సంతకానికి పెన్ను తీశాడు. అంతలో గేటు దగ్గర ఎవరో పిలిచారు. ముప్పై ఏళ్ల ఆడమనిషి, చేతిలో నలిగిన బస్సు టికెట్టు. ఆమె వెనక బర్రె అంత నల్లటి పొగ.

"జగన్మోహనన్న ఇల్లు గిదేనా? నా పేరు భాగ్య. మాది భూపాలపల్లి, కరెంటు ఫ్యాక్టరీ పక్కపొంటి. మీ కారుకు అక్కడ కాలిన బొగ్గు పొగ గిది. వచ్చి వచ్చి గేటు తియ్యకపోతే మా ఇంటికే మర్లి వస్తున్నది. మా చిన్నదానికి దమ్ము ఆడుతలేదన్నా. దారి అదే చూపిచ్చింది, తోల్కొచ్చిన."

దారి తప్పిన గొడ్డును సొంతదారుకు అప్పజెప్పే పద్ధతిలో చెప్పిందంతే. తిట్టలేదు.

"గది నాది కాదు," అన్నాడు జగన్మోహన్.

పొగ నెమ్మదిగా లోపలికి వచ్చి అతని మోకాళ్లకు ఒరుసుకుంది. తర్వాత ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. తెల్ల చొక్కా బూడిద రంగుకు తిరిగింది. కమిటీ వాళ్లు తలా ఓ దిక్కు చూశారు.

సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి. పాత కారు పొగ ముందు ఈ కారుది ఎంత? రోజూ గేటు తీసి ఉంటే ఇందులో పదోవంతు కూడా ఉండేది కాదు. కొంచెమే అయినా నాదేనని చెప్పుకుని ఉంటే తలెత్తుకుని తిరిగేవాడు. ఇప్పుడు అంతమంది ముందు, ఓ తల్లి మొహం మీద, కాదని బొంకాడు.

అతని భార్య కరుణ భాగ్యను కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చింది. భాగ్య తాగి లేచింది.

"బిడ్డను పక్కింట్ల ఇడిసి వచ్చిన. పోతనన్నా."

"దా అక్కా, బస్టాండుల దించుత," అన్నాడు గోప్యా. ఆమె ఎక్కి కూర్చుంది. అతను ఆగి, వెనక్కి తిరిగి అడిగాడు.

"ఆటో చాలు చెయ్యొచ్చునా పటేలా?"

అందులో ఎత్తిపొడుపు ఏ కోశానా లేదు. నిజంగానే అనుమతి అడిగాడు. ఆ అడగడమే జగన్మోహన్‌ను చంపేసింది.

"చెయ్యి," అన్నాడు, మొహం చూడలేక. పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. ఆ కాగితం మీద ఆ రోజే కాదు, ఎన్నడూ సంతకం పడలేదు.

ఆటో కదలబోతుంటే భాగ్య బయటికి వంగింది.

"అన్నా, పండుకున్నంక అది ఛాతి మీదికి ఎక్కుతది. మీ బిడ్డను జర దూరం పండవెట్టుకోండ్రి."

గడప దగ్గర అక్షయ నిలబడి ఉంది. జగన్మోహన్ ఆ పిల్ల వైపు చూడలేకపోయాడు.