జంట కొబ్బరి మొలక

తోటలో అరుదైన మొక్కలు పెంచే అద్దాల ఇంటికి ఆయన పెద్ద తోటమాలి. పనివాళ్లంతా టెంకాయ బాబాయ్ అనేవారు. రెండు కొబ్బరికాయలు అతుక్కుని పుట్టినట్టుండే జంట కొబ్బరి అంటే ఆయనకు పంచప్రాణాలు మరి. ఎక్కడో సముద్రం మధ్య ఒకటి రెండు దీవుల్లో తప్ప అది తనంతట తాను పెరగదు. కాయ పండడానికే ఆరేడేళ్లు పడుతుంది. పూర్వం అలలకు కొట్టుకొచ్చిన కాయల్ని చూసి, చెట్టు సముద్రం అడుగున ఉందనుకున్నారట జనం. రాజులు వాటి చిప్పలకు బంగారం తొడిగించారు, సన్యాసులు భిక్షాపాత్రలు చేసుకున్నారు.

"తేలేదంతా చచ్చిన కాయేనే పిచ్చిదానా," అనేవాడు కూతురితో. "బతికున్నది బరువుకి బుడుంగున మునుగుతుంది. రాజులు డొల్లల్ని నెత్తిన పెట్టుకున్నారు!"

కూతురిదీ అక్కడే పని. కాళ్లావేళ్లా పడి తెప్పించుకున్న ఒకే ఒక్క కాయను నాటాక ఆయన మంచం పట్టాడు. డాక్టరు పెదవి విరిచేశాడు. మొలక రాకముందే పోతానేమోనన్నదే ఆయన బెంగ. ఆమె గుమ్మంలో చెప్పులు విడవకముందే అడిగేవాడు, "మొలిచిందా?"

"కాయ జోలికి పోకు. మడి అంచు మాత్రం గడ్డి రాకుండా వారం వారం పారతో కొట్టు. మన మడిని ఎవరూ వేలెత్తి చూపకూడదు," అని కూడా చెప్పాడు. ఆ చాదస్తం ఆమెకూ అబ్బింది.

ఆ రోజు అంచు కొడుతుంటే పార కింద ఏదో పటుక్కుమంది. మట్టి తీసి చూసింది. బొటనవేలంత లావున తెల్లటి తాడులాంటిది తెగి, నీరు కారుతోంది. దాని ఒక కొస కాయలోకి పోయింది. రెండో కొసన వాడిగా ఒక మొగ్గ.

ఈ కాయ కూర్చున్న చోట మొలకెత్తదు. భూమిలోపల తాడు సాచి, మొలకను దూరంగా పంపుతుంది. బిడ్డ తల్లి నీడలో మగ్గకూడదని కాబోలు. ఆ సంగతి అంచు కొట్టమన్న ఆయనకూ తెలుసు, కొట్టిన ఆమెకూ తెలుసు. కాయనే కాపలా కాస్తూ ఇద్దరూ అంచు సంగతి మరిచారు. ఆ కాయకు ఉన్నది ఒక్కటే మొలక. పార పక్కన పడేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

ఇంటికి రాగానే అదే ప్రశ్న. నిజం చెబితే, చంపింది తన మాటేనని ఆయనకు తెలిసిపోతుంది.

"మొలిచింది నాన్నా."

ఆయన తల ఎత్తాడు. "ఎక్కడ?"

"అంచు దగ్గర."

"అమ్మ దొంగా, అంత దూరం నడిచిందా! నా మతి మండ, అక్కడే కదా పార వెయ్యమన్నాను. తగల్లేదు కదా?"

"లేదు నాన్నా. ముందే చూశాను."

ఆయన నవ్వాడు. గ్లాసుడు పాలూ వద్దనకుండా తాగాడు. ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది.

"పూత వస్తేగాని అది ఆడదో మగదో తెలీదు," అన్నాడు. "పాతికేళ్లయినా పట్టొచ్చు. నువ్వే చూడాలి. చూసి నాకు చెప్పాలి సుమా."

"చెప్తాను నాన్నా," అంది, దుప్పటి ఆయన కాళ్ల మీదికి లాగుతూ.