ఆకు వెనకవైపు

మా అక్క కప్పల శాస్త్రవేత్త. పాములు, బల్లులు కూడా ఆమె లెక్కలోకే వస్తాయి కానీ ప్రాణం మాత్రం కప్పల మీదే. "మా ఇంట్లో ఫ్రిజ్ తెరవాలంటే నాకు గుండె దడ" అని బావ పెళ్ళయిన కొత్తలో అనేవాడు. ఇప్పుడు పెరుగు గిన్నె కోసం కప్పల డబ్బాలు పక్కకు జరుపుకుంటున్నాడు. నేను బొమ్మలు వేస్తాను. అక్క రాసే ప్రతి వ్యాసానికీ కాలివేళ్ళతో సహా లెక్కపెట్టి కప్పల బొమ్మలు వేసేది నేనే. ఒక్కనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట అక్క ఒక లోయ గురించి నివేదిక రాసింది. అక్కడ ఎప్పుడో దొరికిన చిన్న కప్ప ఒకే ఒక్కటి మ్యూజియం సీసాలో రంగు వెలిసిపోయి ఉంది. దాన్ని ప్రాణంతో చూసినవాళ్ళెవరూ మిగల్లేదు. అక్క మూడు వానాకాలాలు ఆ వాగంతా వలతో గాలించింది. తోకతో ఈదే కప్పపిల్ల ఒక్కటీ దొరకలేదు. "నీళ్ళలో పిల్లలు లేకపోతే కప్ప లేనట్టే" అని తేల్చేసి, ఆ జాతి అంతరించిపోయిందని రాసింది. ఆమె విద్యార్థులందరికీ అదే పాఠం.

ఇప్పుడు ఆ నివేదికే చూపించి గనుల కంపెనీవాళ్ళు లోయలో కొండ తవ్వడానికి అనుమతి అడిగారు. సోమవారం సంతకాలు. "ఒక్కసారి చూసొద్దాం రావే" అంది అక్క. నెలాఖరుకు రిటైరవుతున్న మనిషిని అనుమానం తొలిచేస్తోందని నాకు అర్థమైంది.

శనివారం పొద్దున్నే చేరుకున్నాం. మోకాళ్ళు సహకరించకపోయినా అక్క వల పట్టుకుని వాగులోకి దిగింది.

"ఈ వయసులో ఈ ఫీట్లేంటక్కా? జారిపడితే బావకు నేనేం చెప్పాలి?" అని గట్టు మీద నుంచి కసురుకున్నాను.

"నోరు మూసుకుని బొమ్మ వేసుకో."

మధ్యాహ్నమైంది. వలలో చెత్త తప్ప ఏమీ లేదు. విసుగొచ్చి, పక్కన రాలి ఉన్న ఆకు బొమ్మైనా వేద్దామనుకున్నాను. ఏ ఆకైనా నేను ముందు వెనకవైపే చూస్తాను, ఈనెలు అక్కడే తేటగా కనిపిస్తాయి. మెల్లగా తిప్పాను. గోరంత కప్ప ఒకటి నన్నే చూస్తోంది. దాని కింద గాజుపూసల్లా తొమ్మిది గుడ్లు.

"అక్కా" అన్నాను. వాగు చప్పుడులో ఆమెకు వినపడలేదు. మళ్ళీ పిలిచాను.

ఆమె వచ్చి భూతద్దంలోంచి చూసింది. దాన్ని నా చేతికిచ్చింది. ప్రతి గుడ్డులోనూ ఉన్నది తోకపిల్ల కాదు, కప్పే. నాలుగు కాళ్ళు, నల్లటి కళ్ళు, బుద్ధిగా మడుచుకున్న మోకాళ్ళు. ఒకటి కాలు చాచి తన్నింది. పొర చిట్లింది. బియ్యపుగింజంత కూడా లేని కప్ప బయటికొచ్చి, గుడ్లకు కాపలా ఉన్న కప్ప వీపెక్కి కూర్చుంది. అంత చిన్న ప్రాణం ముందు నేనే చిన్నదాన్నైపోయాను.

అక్క ఏడ్చేసింది. "ఆ సీసాలోని కప్పే ఇది. ఇవి నీళ్ళలోకి దిగనే దిగవే. గుడ్డులోనే కప్పైపోయి వస్తాయి. నేనేమో వాగులో వెతికాను."

కళ్ళు తుడుచుకుని, అనుమతుల సంఘం పెద్దాయనకు అక్కడి నుంచే ఫోన్ చేసింది. "సార్, ఆ లోయ ఫైలు ఆపండి. నివేదిక తప్పు."

"రాసింది మీరే కదా మేడమ్? రిటైరయ్యే ముందు మీ పరువు మీరే తీసుకుంటారా?"

"తీసుకుంటాను. తప్పని నా సంతకంతోనే రాసిస్తాను. మీరు మాత్రం వచ్చి చూడకుండా సంతకం పెట్టకండి."

అవతల ఫైలు తిరగేస్తున్న చప్పుడు. చివరికి, "సరే, సోమవారం నేనే వస్తాను" అన్నాడు.

నాకు ఊపిరొచ్చింది. ఆకును ఎలా ఉందో అలాగే సర్ది, "పద అక్కా" అన్నాను. ఆమె కదల్లేదు. గట్టు మీదా, మేమొచ్చిన దారి పొడవునా చీలమండలు మునిగేంత రాలిన ఆకులు.

"ఇన్నేళ్ళూ నీళ్ళ దగ్గరికెళ్ళాలని వీటిని తొక్కుకుంటూనే వెళ్ళానే" అంది.

నేను ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అక్క భుజం పట్టుకుని నిలబడిపోయాను.